పేరు లేని రెండోవాడు

“‘ఈ వ్యాసకర్త ఆసుపత్రి గుమ్మం తొక్కిన పాపాన పోలేదని ప్రతి పేజీ చెబుతూనే ఉంది.’ విన్నారా అత్తయ్యా? నేను గుమ్మం తొక్కలేదట!”

సొందుస్ సెల్‌ఫోన్ చేత్తో పట్టుకుని భోజనాల బల్ల చివర నిలబడి ఉంది. పొద్దున పత్రికవాళ్ల నుంచి ఫోన్‌లోకి ఆ ఉత్తరం వచ్చినప్పటినుంచీ ఆ పిల్ల ఎక్కడా కూర్చోలేదు. ఆదివారం చేపల పులుసు పొగలు కక్కి కక్కి, పట్టించుకునేవాళ్లు లేక, చల్లబడి ఊరుకుంది.

“ఎవడే వాడు?” అంది లల్లా జొహ్రా బార్లీ రొట్టె తుంచుతూ. “వాడి చెయ్యి పడిపోను! పేరు చెప్పు. వాడి తల్లి ఎక్కడుందో కనుక్కుని వెళ్తాను. ఏం తిని కన్నావమ్మా ఇలాంటివాణ్ణి అని మొహం మీదే అడుగుతాను.”

ఆవిడ కొడుకు, సొందుస్ మొగుడు నౌఫల్ చేపముక్కలో ముల్లు వెతుకుతున్నాడు. ఆ ముక్కలో ముల్లు లేదు. అయినా వెతుకుతున్నాడు.

ఆ మాట రాసింది అతనే మరి.

“పేరుండదు అత్తయ్యా,” అంది సొందుస్. “వ్యాసం పంపితే పత్రిక సంపాదకుడు పైనున్న పేరు చెరిపేసి, ఆ విషయం తెలిసిన ఇద్దరికి పంపిస్తాడు. రాసింది ఎవరో వాళ్లకి తెలీదు. చూసింది ఎవరో మనకి తెలీదు.”

“పెళ్లికూతురికీ పెళ్లికొడుక్కీ ఇద్దరికీ ముసుగేసి కూర్చోబెట్టినట్టా?”

“అలాంటిదే.”

“ముసుగు ఎప్పుడు తీస్తారు మరి?”

“తియ్యరు.”

“తియ్యకుండానే కాపురమా!” లల్లా జొహ్రా కొడుకు వైపు తిరిగింది. “ఇదేనట్రా మీ సమాచార వ్యవస్థల చదువు? మా రోజుల్లో తిట్టేవాడు వీధిలో నిలబడి తిట్టేవాడు. తన తండ్రి పేరు కూడా చెప్పుకుని మరీ తిట్టేవాడు. ఏరా, మాట్లాడవేం?”

“పులుసు బావుందమ్మా,” అన్నాడు నౌఫల్.

“పులుసు సంగతి ఎవరడిగారు?”

నౌఫల్ పరిస్థితి ఎలా ఉందంటే, ఇంటికి నిప్పు పెట్టినవాడే బకెట్టు పట్టుకుని ఆర్పేవాళ్లలో ముందు నిలబడాల్సి వచ్చినట్టుంది. అందులోనూ అతను పెట్టింది పొరుగువాడి ఇల్లనుకుని. తీరా చూస్తే మండుతున్నది తన పడగ్గది.

ఆ పొరుగువాడి పేరు శాకిర్. యూనివర్సిటీలో నౌఫల్ పనిచేసే శాఖే, పక్క గదే. నవ్వాడంటే నోట్లో ఉన్న పళ్లన్నీ వంతులవారీగా కనపడి పోతాయి. శాకిర్ కారు వాన పడ్డ రోజున సొందుస్‌ని ఇంటి పక్క గ్రెమ్దా రోడ్డు మలుపులో దింపడం నౌఫల్ మేడ మీద నుంచి చూశాడు. అది గురువారం. గురువారాలు సాయంత్రం తను పిన్ని ఇంటికి వెళ్తున్నానని సొందుస్ చెబుతూ వచ్చింది. పిన్ని ఇల్లు ఊరికి ఆ చివర, శాకిర్ కారు వచ్చింది ఈ చివర నుంచి. అప్పటినుంచీ నౌఫల్‌కి గురువారం అన్న మాట వింటే చాలు, అన్నం సయించడం మానేసింది.

ఇక పడవ మీద వెళ్లాల్సిన కెర్కెన్నా దీవి సంగతి. సముద్రం రోడ్డు మీది ఆసుపత్రిలో ఏ నర్సుకి ఏ పూట డ్యూటీ పడాలో కంప్యూటరే తేలుస్తుంది. దూరం నుంచి వచ్చేవాళ్లకి రాత్రి డ్యూటీ వెయ్యకూడదని దానికి నేర్పారు. ఈ రహస్యాన్ని నర్సులు కనిపెట్టారు. ముందు ఒకమ్మాయి తన చిరునామా దీవికి మార్చుకుంది. ఆ వెనక ఇంకో అమ్మాయి. కొన్నాళ్లకి ఆ కంప్యూటరు లెక్కలో సగం ఆసుపత్రి కెర్కెన్నాలో కాపురముంటోంది. అదే నిజమైతే పొద్దుటి పడవలో తెల్లబట్టలు తప్ప ఇంకో రంగు కనపడకూడదు. దీవి ఒక పక్కకి ఒరిగిపోయి ఉండాలి. అక్కడ ఏ జాలరైనా తుమ్మితే చాలు, ఇంజెక్షను పట్టుకుని పదిమంది పరుగెత్తుకు రావాలి, ఆక్టోపస్‌లకి కూడా ఎనిమిది చేతులకీ నాడి చూసి పంపుతుండాలి!

ఈ కథ శాకిర్ క్యాంటీనులో చెప్పినప్పుడు శాఖంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నౌఫల్ నవ్వలేదు. అదే ఆసుపత్రిలో అదే కంప్యూటరుని నర్సులందరూ మనసారా మెచ్చుకుంటున్నారని పరిశోధన చేసి తేల్చినవాడు అతనే. ఆ ఒక్క వ్యాసంతోనే ప్రొఫెసరు మెట్టెక్కాడు. ఆ ముక్కే సదస్సులో చెప్పడానికి రబాత్ దాకా విమానంలో వెళ్లొచ్చాడు.

కాబట్టి పేరు చెరిపేసిన వ్యాసమొకటి తన దగ్గరికి వచ్చి, అందులో దీవి నర్సులు కనపడగానే నౌఫల్ ఇంకేం ఆలోచించలేదు. శాకిర్‌దే! ఆ విషయం తెలిసినవాళ్లు దేశం మొత్తం మీద ఎనిమిదిమంది పట్టే ఒక లూఆజ్ టాక్సీలో పడతారు, కిటికీ పక్క సీటు ఖాళీగా కూడా ఉంటుంది. సంపాదకుడు మాత్రం ఇంకెవరికని పంపుతాడు? నౌఫల్ తలుపేసుకుని, వేయించిన బాదంపప్పు పక్కన పెట్టుకుని, ఒక్కో వాక్యానికి ఒక్కో పప్పు నములుతూ రాశాడు. అంత రుచిగా అతను జీవితంలో ఏదీ రాయలేదు.

ఇవాళ పొద్దున భార్య వంటింట్లోంచి ఏడుస్తూ వచ్చి ఆ వాక్యాలన్నీ అతనికే చదివి వినిపించింది.

“మరి మొదటివాడేమన్నాడు?” అంది లల్లా జొహ్రా. “ఇద్దరన్నావుగా.”

సొందుస్ ముఖం కాస్త తేటపడింది. ఫోన్‌లో పైకి జరిపి చదివింది. “‘ఈ వ్యాసం చదివాక డ్యూటీ చార్టు చూస్తే దాని వెనక మనుషులు కనపడుతున్నారు. రాసినవారి ఓపికకు నా నమస్కారం.’”

“వాడి తల్లి కడుపు చల్లగా ఉండ!”

“పొగడ్డం తేలికమ్మా,” అన్నాడు నౌఫల్. నోరు ఊరుకోలేదు. “తప్పు పట్టాలంటేనే చదవాలి.”

అత్తాకోడళ్లు ఇద్దరూ అతని వంక చూశారు.

“అంటే ఆ దరిద్రుడి తరఫున మాట్లాడుతున్నావా?” అంది తల్లి.

“తరఫున కాదు. మామూలుగా చెబుతున్నాను.”

“మామూలుగా నోరు మూసుకుని తిను.”

నౌఫల్ ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. చివరికి ఏ మాట పొద్దుటినుంచీ గుండెల్లో గుచ్చుతోందో ఆ మాటే అడిగాడు.

“నాకెందుకు చెప్పలేదు సొందుస్? ఒకే నాలుగు గోడల మధ్య ఉంటూ, ఏడాదిపాటు?”

“ఎలా చెప్పను? నర్సులు సంతోషంగా ఉన్నారని నువ్వు రాశావు. సంతోషంగానే ఉన్నారు, కంప్యూటరుకి అబద్ధాలు చెప్పుకుంటూ ఉన్నారని నేను రాశాను. అచ్చయ్యాక నీ చేతిలో పెట్టి మెల్లిగా నచ్చచెబుదామనుకున్నాను. నువ్వు చిన్నబుచ్చుకుంటావని.”

“గురువారాలు?”

“ఆసుపత్రికే. అత్తయ్యకి తెలుసు.”

“అమ్మకి తెలుసా!”

“నాకు అన్నీ తెలుసు,” అంది లల్లా జొహ్రా. “నీకే ఏదీ తెలీదు. కోడలు పక్క వీధికి వెళ్లినా కిటికీలోంచి మెడ సాచి చూస్తావు. ఆ మెడ ఇంకొంచెం సాగితే ఎడారిలో ఒంటెలు మా బంధువే అని పలకరిస్తాయి.”

“మరి వాన రోజున శాకిర్ కారు?”

సొందుస్ ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. “ఓ, అదా. వాళ్లక్క అక్కడ నర్సు. ఆమెని తీసుకెళ్లడానికి వచ్చాడు, నేను తడుస్తుంటే ఇద్దరినీ ఎక్కించుకున్నాడు. నువ్వు చూశావా?”

“చూళ్లేదు. ఎవరో అన్నారు.”

“ఎవరు?”

నౌఫల్ నీళ్లు తాగాడు. చాలాసేపు తాగాడు. ఆ గ్లాసులో అన్ని నీళ్లు ఎక్కడివో ఆ దేవుడికే తెలియాలి.

“ఏమైతేనేం,” అంది సొందుస్. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది. “వెనక్కి తీసుకుంటున్నానని సంపాదకుడికి రాసేస్తాను. ఈ ఏడాది ప్రొఫెసరు పదవికి నా పేరు వెళ్లదు. వెళ్లకపోతే కొంపేం మునగదు. ఒక్క సంగతే నాకు... అత్తయ్యా, నేను అక్కడ చాయ్ గదిలో ఎన్ని గురువారాలు కూర్చున్నాను! గుమ్మం తొక్కలేదని ఎలా రాశాడు వాడు?”

లల్లా జొహ్రా లేచి కోడలి తల తన భుజానికి ఆనించుకుంది. కొడుకు వంక మాత్రం కళ్లెర్రజేసి చూసింది, ఓదార్చడం చేతకాని మొగుడని. అసలు సంగతి తెలిసి ఉంటే ఆ చూపుకి బల్ల మీది చేప లేచి సముద్రం దాకా ఈదుకుపోయేది.

“వెనక్కి తీసుకోకు,” అన్నాడు నౌఫల్.

“జవాబు రాసి పంపమన్నారు, నిజమే. ఒక్కో ఆక్షేపణకీ ఒక్కో సమాధానం. కానీ నాకు చెయ్యి ఆడటం లేదు. శాకిర్ వస్తానన్నాడు సాయంత్రం. ఇలాంటివి రాయడం అతనికి బాగా—”

“శాకిర్ ఎందుకు?”

“పొద్దున ఫోన్ చేశాను. నువ్వు రొట్టెలకి వెళ్లావు కదా.”

అంటే, ఆమె ముందు ఏడ్చింది శాకిర్ దగ్గర. ఆ తర్వాతే మొగుడి దగ్గర. నౌఫల్ పళ్లెం పక్కకి తోశాడు. అన్నీ మరిచిపోయాడు. తను రాసిన ఆక్షేపణలకి తనే సమాధానం చెప్పడంలో ఎంత ప్రమాదముందో అది కూడా మరిచిపోయాడు.

“శాకిర్ అక్కర్లేదు. నేను లేనా? పద పైకి. నేను చెబుతాను, నువ్వు టైపు కొట్టు. సాయంత్రానికి ఆ రెండోవాడు వాడి పేరు వాడే మర్చిపోవాలి.”

సొందుస్ కళ్లు తుడుచుకుని నవ్వింది. పొద్దుటినుంచీ అదే మొదటి నవ్వు. ఆ నవ్వు చూసి నౌఫల్ ఇంకా కుమిలిపోయాడు.

మేడ మీద గదిలో కిటికీ దగ్గర బల్ల. ఇద్దరికీ కలిపి ఒకటే బల్ల. పెళ్లయిన కొత్తలో పక్కపక్కన కూర్చుని చదువుకున్నారు. తర్వాత నౌఫల్ ప్రొఫెసరయ్యాడు, యూనివర్సిటీలో గది ఇచ్చారు, బల్ల సొందుస్‌కి మిగిలింది. మళ్లీ ఇవాళ రెండు కుర్చీలు పక్కపక్కన చేరాయి.

“మొదటిది, గుమ్మం తొక్కలేదన్నది,” అంది సొందుస్. “ఏం రాయను?”

“వాడొట్టి మూర్ఖుడని రాయి.”

“అలా రాస్తారా ఎక్కడైనా?”

“‘సమీక్షకుల లోతైన పరిశీలనకు కృతజ్ఞతలు’ అని రాయి. మన రంగంలో దానికి అదే అర్థం.”

సొందుస్ కిసుక్కున నవ్వి టైపు కొట్టింది. నౌఫల్ కొంచెం సర్దుకుని కూర్చున్నాడు. తనని తాను తిట్టుకోవడం అంత కష్టమేం కాదనిపించింది. పైగా వరస తెలిసిన తిట్లు.

“రెండోది. ‘నర్సుల మాటలన్నీ చాయ్ కబుర్లు. వాటిని ఆధారంగా తీసుకోవడం పరిశోధన అనిపించుకోదు.’ ఇది నన్ను బాగా బాధపెట్టింది నౌఫల్. చాయ్ గదిలోనే కదా అంతా జరిగేది! మబ్రూకా అని ఒకావిడుంది. నెల మొదట్లో అందరూ ఆవిడ దగ్గర చేరతారు. ఈ నెల దీవిలో ఎవరుండాలో ఆవిడ తేలుస్తుంది.”

“దీవిలో ఉండటం ఏమిటి?”

“అందరూ ఒకేసారి కెర్కెన్నా అని పెడితే రాత్రికి మనిషి ఉండదు కదా. అందుకని వంతులు. నెలలు నిండుతున్న పిల్లకి దీవి. తండ్రికి బాగోలేని పిల్లకి దీవి. ఎవరికి బాధ తీరితే వాళ్లు లేచి, ‘నేను ఒడ్డుకొచ్చేశాను, నా దీవి దానికియ్యండి’ అంటారు. మబ్రూకా తన వంతు ఎప్పుడూ ఎవరికో ఇచ్చేస్తుంది. ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా ఆవిడ దీవికి పోలేదు. మీ కంప్యూటరు ఎంత న్యాయంగా పంచుతుందో అని మేనేజరు పొగుడుతుంటాడు. ఆ న్యాయం కంప్యూటరుది కాదు. మబ్రూకాది.”



తను ఆ ఆసుపత్రికి ఎలా వెళ్లాడో నౌఫల్‌కి గుర్తొచ్చింది. ప్రశ్నల కాగితాలు మేనేజరు చేతికిచ్చాడు. మేనేజరు వాటిని పంచి, ఎవరేం టిక్కు పెడుతున్నారో వెనక నిలబడి చూసి, ఇతను కాఫీ తాగేలోగా తిరిగి తెచ్చిచ్చాడు. అందరూ సంతోషమే. ఒక్కరికి కూడా అసంతృప్తి లేదు. అప్పుడైనా అనుమానం రావలసింది. ఇంట్లో ముగ్గురు మనుషులుంటే పులుసులో ఉప్పు గురించి మూడు మాటలొస్తాయే!

ఆసుపత్రి గుమ్మం తొక్కనివాడు ఎవడో ఇప్పుడు తెలిసింది.

అయితే సిగ్గుపడాల్సిన ఆ చోట నౌఫల్‌కి ఒళ్లు మండింది. వ్యాసం బావుంది. శాకిర్‌ది అనుకుని చదివినప్పుడు కూడా బావుంది. అందుకే అంత ఘోరంగా రాశాడు. ఇప్పుడది సొందుస్‌దని తెలిశాక కూడా మంట తగ్గడం లేదు, కొత్త కట్టెలు వేసుకుని కూర్చుంది. ఏ మబ్రూకా అయినా తనని చాయ్ గదిలోకి రమ్మందా?

“ఏం ఆలోచిస్తున్నావు?”

“ఏం లేదు. ఈ మబ్రూకా సంగతి ఇలాగే రాయి. నువ్వు చెప్పినట్టే.”

ఆమె రాసింది. కింద పెరట్లో లల్లా జొహ్రా చాయ్ కోసం మాజెల్ అనే నేలతొట్టిలోంచి వాన నీళ్లు తోడుతోంది, బకెట్టు గోడకి తగిలిన చప్పుడు వినిపించింది. మూడో ఆక్షేపణా అయింది, నాలుగోదీ అయింది. నౌఫల్‌కి ఊపొచ్చింది. లేచి నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెబుతున్నాడు. భార్య ముందు ఇంత పనికొచ్చి ఎన్నాళ్లయింది! ప్రాయశ్చిత్తం ఇంత హాయిగా ఉంటుందని తెలిస్తే ముందే ఇంకో నాలుగు పాపాలు చేసేవాడు.

“ఇక్కడ ఇంకో ముక్క చేర్చు,” అన్నాడు. “ఈ వివరాలు నేను స్వయంగా సేకరించినవి. ఏ శిష్యురాలి కష్టాన్నీ నా పేరు మీద రాసుకోలేదు అని. గట్టిగా రాయి. ఆ నింద అలా మిగిలిపోకూడదు.”

కీబోర్డు చప్పుడు ఆగింది.

“ఏ నింద?”

“అదే. ఇంకొకరి చెమట తన పేరున...”

“నా ఉత్తరంలో ఆ మాట లేదు.”

నౌఫల్ గది మధ్యలో నిలబడిపోయాడు. నిజమే, ఆ మాట ఆమెకి వచ్చిన ఉత్తరంలో లేదు. సమీక్ష రాసేటప్పుడు రెండు గడులుంటాయి. ఒకటి రచయిత చదివేది. రెండోది సంపాదకుడు తప్ప ఇంకెవరి కంటా పడనిది. ఆ రెండో గడిలో, చివరి బాదంపప్పు నములుతూ, ‘ఈ వ్యాసకర్తని నేను గుర్తుపట్టగలను, శిష్యుల కష్టం తన పేరున వేసుకునే రకం’ అని రాశాడు.

సొందుస్ కూడా ఇతరుల వ్యాసాలకి సమీక్షలు రాస్తుంది. ఆ గడి సంగతి ఆమెకి తెలుసు.

“సంపాదకుడికి విడిగా రాసే మాట,” అంది ఆమె, ఒక్కో మాటా పలక మీద రాస్తున్నట్టు. “అది నీకెలా తెలిసింది?”

కింద బకెట్టు ఇంకోసారి మోగింది.

“శాకిర్ చెప్పాడు.”

ఆ మాట ఎక్కడ నుంచి వచ్చిందో నౌఫల్‌కే తెలియదు. వచ్చేసింది. వచ్చాక చూసుకుంటే దానికి కాళ్లున్నాయి, చెప్పులున్నాయి, ఎక్కడికైనా నడిచిపోవడానికి తయారుగా ఉంది.

“ఏం చెప్పాడు?”

“క్యాంటీనులో అన్నాడు. ఒక వ్యాసం చూస్తున్నానని, చీల్చి చెండాడానని. ఆ రెండోవాడు వాడే సొందుస్. నీదని తెలీదులే పాపం. కానీ ఎంత గొప్పగా చెప్పుకున్నాడనుకున్నావు! పకపకా నవ్వుతూ. నీకు చెబితే బాధపడతావని దాచాను. అందుకే వాడొద్దన్నాను కదా ఇందాక.”

చెబుతున్నకొద్దీ అబద్ధం తియ్యగా ఉంది. తన తప్పూ తుడిచిపెట్టుకుపోతోంది, ఆ కారూ రోడ్డు మీద నుంచి తుడిచిపెట్టుకుపోతోంది. ఒకే గుడ్డతో రెండు మరకలు.

సొందుస్ అంతా విన్నది.

“శాకిరా?”

“శాకిరే.”

“రెండోవాడు?”

“ఒట్టు. అమ్మ మీద ఒట్టు.”

ఆమె కుర్చీ వెనక్కి జరిపి, అతని వైపు పూర్తిగా తిరిగింది. ముఖంలో కోపం లేదు. కోపం ఉంటే నౌఫల్‌కి తేలికగా ఉండేది.

“శాకిర్ మొదటివాడు, నౌఫల్. పొద్దున ఫోన్‌లో చెప్పాడు. చెప్పకూడదు. నేను ఏడుస్తుంటే ఉండబట్టలేక చెప్పేశాడు.”

చాయ్ మరుగుతున్న వాసన మెట్ల మీదుగా పైకి వచ్చింది. కిటికీ గట్టు మీద పావురం ఒకటి వాలి, లోపలి వాతావరణం చూసి, మళ్లీ ఎగిరిపోయింది.

ఏం అనాలో నౌఫల్‌కి బాగా తెలుసు. ఒక్క మాట. చిన్నపిల్లలకి కూడా తెలిసిన మాట. సొందుస్ ఆ మాట కోసమే చూస్తోంది, చేతులు ఒళ్లో పెట్టుకుని, కూర్చున్న చోటు నుంచి కదలకుండా. ఆ మాట వస్తే ఆమె ఏం చేస్తుందో చెప్పలేం, కానీ రావడానికి చోటు మాత్రం ఇచ్చింది. ఆ మాట అతని నాలిక చివరి దాకా వచ్చింది కూడా.

నౌఫల్ నోరు తెరిచాడు.

“నీదని తెలిసే పొగిడాడా వాడు?”